బాగానే నడుస్తోందిగా, ఎందుకు మార్చడం?

2008 జులైలో మైక్రోసాఫ్ట్ ఓ చిన్న నాటకం ఆడింది. విండోస్ ఎక్స్‌పీ లాంటి పాత సిస్టమ్‌లు వాడుతున్న కొందరిని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ గదిలోకి పిలిచి, 'మొహావీ' అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తయారవుతోంది, చూసి ఎలా ఉందో చెప్పండి అంది. దానికి ముందు, అప్పటికే మార్కెట్లో ఉన్న విండోస్ విస్టాకి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. సగటున పదికి 4.4 వచ్చాయి. తర్వాత మొహావీని చూపించారు. జనం మెచ్చుకుని 8.5 దాకా వేశారు. అప్పుడు ముసుగు తీశారు: మీరు ఇప్పటిదాకా చూసింది విస్టానే! రహస్య కెమెరాలకు చిక్కిన ఆ ఆశ్చర్యమే ప్రకటనగా మారింది.

విస్టా బంగారం లాంటిదే, జనానికే అపోహ అన్నది కంపెనీ తేల్చిన మాట. నాకు మాత్రం ఆ నాటకం సరిగ్గా వ్యతిరేకమైన విషయాన్ని నిరూపించినట్టు తోస్తుంది. గదిలో ఉన్న ల్యాప్‌టాప్ కంపెనీది, అన్నీ ముందే ఎక్కించి సిద్ధం చేసినది. ఎవరూ తమ ఇంట్లోని ప్రింటర్ తెచ్చి దానికి తగిలించలేదు. ఎవరూ తమ కొట్టు లెక్కల సాఫ్ట్‌వేర్‌ని అందులో ఎక్కించలేదు. కొత్తదాన్ని చూడడానికి, మెచ్చుకోవడానికి జనానికి ఏ అభ్యంతరమూ లేదని ఆ ప్రకటనే చెప్పింది. చిక్కంతా దానిలోకి మారడంలో ఉంది. మొహావీ గదిలో లేనిది ఆ మారడమే.

ఈ బెదురు విస్టాతో పుట్టలేదు, విస్టాతో పోలేదు. 2001 అక్టోబరు 25న వచ్చిన ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ సెలవు పలికింది. అంతకుముందు నెలలో నెట్ అప్లికేషన్స్ అనే సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలోని డెస్క్‌టాప్ కంప్యూటర్లలో నాలుగో వంతుకు పైగా ఇంకా దాని మీదే నడుస్తున్నాయి. మన ఏటీఎంలలో చాలావాటిలోనూ ఎక్స్‌పీయే ఉండేది. వాటిని మార్చండి అంటూ రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో బ్యాంకులకు గడువు పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇదే కథ విండోస్ 7తో జరిగింది, విండోస్ 10తో జరిగింది. ప్రతిసారీ కంపెనీలు, పత్రికలు, ఇంట్లో కంప్యూటర్ చదువుకున్న మేనల్లుడు అందరూ ఒకటే అంటారు: వీళ్లకు బద్ధకం, మార్పంటే భయం. ఆ నింద సగం తప్పు. వాడుకదారు వేసుకునే లెక్కలో పొరపాటు ఉంది కానీ, అది అతను చేసిన పొరపాటు కాదు.

కింద ఏం కదిలింది?

ఆపరేటింగ్ సిస్టమ్ అనగానే స్టార్ట్ బటను, నీలం రంగు పట్టీ, వెనక ఉండే పచ్చిక కొండ గుర్తొస్తాయి. అవి పైపై సంగతులు. అసలు పని మధ్యవర్తిత్వం. మనం వాడే ఏ సాఫ్ట్‌వేరూ నేరుగా ప్రింటర్‌తోనో హార్డ్ డిస్క్‌తోనో మాట్లాడదు. ఈ ఫైలు తెరువు, ఇంత మెమరీ ఇవ్వు, ఈ పేజీ అచ్చువెయ్యి అని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. అది ఆ పరికరానికి సంబంధించిన 'డ్రైవర్' అనే చిన్న ప్రోగ్రామ్‌కి పని పురమాయిస్తుంది. అంటే పైన ఉన్న వేలాది సాఫ్ట్‌వేర్లు, కింద ఉన్న వేలాది డ్రైవర్లు, రెండూ మధ్యనున్న ఈ ఒక్కదాని అలవాట్లు చూసుకుని రాసినవే. ఆ అలవాట్లలో కొన్ని పత్రాల్లో రాసి ఇచ్చిన హామీలు. చాలావరకు ఎవరూ హామీ ఇవ్వనివి. ఏదో అలా నడిచిపోతున్నవి.

సిమ్‌సిటీ అనే ఆట కథ ఈ విషయాన్ని బాగా పట్టిస్తుంది. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన జోయెల్ స్పోల్‌స్కీ దీన్ని రాశాడు. ఆ ఆటలో ఓ పొరపాటు ఉండేది: వాడుకుని తిరిగి ఇచ్చేసిన మెమరీనే మళ్లీ చదివేది. పాత విండోస్‌లో ఆ మెమరీ వెంటనే ఇంకొకరి చేతికి పోయేది కాదు కాబట్టి ఆట సాఫీగా సాగేది. విండోస్ 95 తయారవుతున్నప్పుడు పరీక్షిస్తే ఆట కుప్పకూలింది. తప్పు ఆటది. కానీ కొన్నవాడు ఆటని తిట్టడు, 'కొత్త విండోస్ వేయించాక ఆగిపోయింది' అంటాడు. అందుకని మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు విండోస్ 95 లోపల, నడుస్తున్నది సిమ్‌సిటీయేనా అని కనిపెట్టి, అయితే మెమరీని వెంటనే లాక్కోకుండా కాసేపు వదిలేసే ఏర్పాటు చేశారు. ఒక్క ఆట కోసం! విండోస్ 95 అంత వేగంగా జనంలోకి వెళ్లడానికి వెనక ఇలాంటి చాకిరీ చాలా ఉంది.

విస్టా దగ్గరికి వచ్చేసరికి అంత ఓపిక సాగలేదు. కారణం చెడ్డది కాదు. ఎక్స్‌పీలో మామూలు ఇంటి కంప్యూటర్‌లో కూర్చున్న ప్రతివాడూ అడ్మినిస్ట్రేటరే. ఏ ప్రోగ్రామైనా సిస్టమ్ ఫోల్డర్లలో ఎక్కడైనా రాసుకోవచ్చు, దేన్నైనా చెరపొచ్చు. వైరస్‌కీ అదే స్వేచ్ఛ. 2007 జనవరి 30న మార్కెట్లోకి వచ్చిన విస్టా ఆ తలుపు మూసింది. లోపలి విషయాలు ముట్టుకోవాలంటే స్క్రీన్ మసకబారి 'అనుమతిస్తారా?' అని అడిగేది. భద్రత దృష్టితో చూస్తే ముమ్మాటికీ సరైన పని. కానీ ఐదేళ్లకు పైగా ఆ స్వేచ్ఛ మీదే ఆధారపడి రాసిన సాఫ్ట్‌వేర్లు ఒక్కసారిగా తడబడ్డాయి. కొన్నింటిని విస్టా గుట్టుగా ఆదుకుంది: అవి సిస్టమ్ ఫోల్డర్‌లో రాస్తున్నామనుకుంటే, ఆ రాతను ఆ వాడుకదారు సొంత ఫోల్డర్‌లోకి మళ్లించి పెట్టేది. అన్నింటికీ ఈ కిటుకు పనిచేయలేదు.

డ్రైవర్ల పరిస్థితి ఇంకా ఘోరం. స్క్రీన్ మీద బొమ్మ గీసే డ్రైవర్లను విస్టా కోసం కొత్త పద్ధతిలో మళ్లీ రాయాల్సి వచ్చింది. 64 బిట్ల విస్టాలో అయితే సిస్టమ్ గర్భంలో నడిచే ప్రతి డ్రైవర్‌కీ డిజిటల్ సంతకం తప్పనిసరి. ఐదేళ్ల కిందట అమ్మేసిన స్కానర్‌కి కొత్త డ్రైవర్ రాయడం వల్ల దాని తయారీదారుకి పైసా రాదు. అందుకే చాలామంది రాయలేదు. తర్వాత ఓ కోర్టు కేసులో బయటపడ్డ మైక్రోసాఫ్ట్ లోపలి ఈమెయిళ్ల ప్రకారం, 2007లో నమోదైన విస్టా క్రాష్‌ల్లో దాదాపు 29 శాతానికి గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా డ్రైవర్లే కారణం. ఆ ఈమెయిళ్లలోనే మైక్రోసాఫ్ట్ ఉపాధ్యక్షుడొకరు వాపోయాడు: 2,100 డాలర్లు పోసి కొన్న ల్యాప్‌టాప్ తనకు చివరికి ఈమెయిల్ చూసుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయిందట. 'విస్టాకి తగినది' అని స్టిక్కర్ అంటించి అమ్మిన యంత్రాల్లో విస్టా హంగులు పూర్తిగా నడవలేదన్నదే ఆ కేసు. లోపలివాళ్ల గతే అలా ఉంటే, బయటివాళ్లు వేచి చూడడం పిరికితనమా, తెలివా?

చేతికి తెలిసిన సంగతి

సాఫ్ట్‌వేర్లన్నీ పనిచేశాయి, ప్రింటర్ కూడా పలికింది అనుకుందాం. అయినా మనిషి విసుక్కుంటాడు. ఎందుకో తెలియాలంటే మెదడు దగ్గరికి వెళ్లాలి.

కెనడాలో పనిచేసిన బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త, శస్త్రచికిత్స తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని ఓ రోగికి అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయడం నేర్పింది. రోజురోజుకీ అతని చెయ్యి తిన్నబడింది. కానీ ప్రతిరోజూ 'ఈ పని నేనింతకుముందు ఎప్పుడూ చేయలేదే' అనేవాడు. 1962లో ఆమె వెలువరించిన ఈ ఫలితంతో తేలిందేమిటంటే, విషయాల జ్ఞాపకం వేరు, నైపుణ్యాల జ్ఞాపకం వేరు. రెండోది మాటలకు అందదు. రోజూ కంప్యూటర్ ముందు కూర్చునేవారిని 'ఫలానా ఆప్షన్ ఏ మెనూలో ఉంది?' అని ఫోన్‌లో అడిగి చూడండి. 'ఉండండి, సిస్టమ్ ముందు కూర్చుని చెప్తాను' అంటారు. తెలిసింది చేతికి.

ఇలాంటి నైపుణ్యం ఉన్నవాడికి బటన్ల జాగాలు మారిస్తే అతను కొత్తవాడితో సమానం కాడు, కొత్తవాడికంటే వెనకబడతాడు. పాత అలవాటు ముందుగా చెయ్యి లాగేస్తుంది, దాన్ని ఆపి, వెతికి, వేరేచోట నొక్కాలి. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు మీద ఎక్కువగా మండిపడేవాళ్లు కంప్యూటర్ రానివాళ్లు కారు; బాగా వచ్చినవాళ్లు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ని తీసి పారేసినప్పుడు లేచిన గోల ఇదే. ఏడాదికల్లా విండోస్ 8.1లో బటన్‌ని తిరిగి తెచ్చిపెట్టారు.

విండోస్ 11 ఆ బటన్‌ని ఎడమ మూల నుంచి మధ్యకు జరిపింది. చూడడానికి పెద్ద విషయంలా ఉండదు. కానీ పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు: ఒక గురిని చేతితో అందుకోవడానికి పట్టే సమయం, అది ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దగా ఉంది అన్నవాటి మీద ఆధారపడుతుంది. స్క్రీన్ మూల ఈ సూత్రంలో ఓ విచిత్రమైన చోటు. మౌస్‌ని ఎడమ కిందికి ఎంత మొరటుగా తోసినా బాణం గుర్తు మూలలోనే ఆగుతుంది, దాటిపోదు. అంటే ఆ మూలనున్న బటను చేతికి దాదాపు అనంతమంత పెద్దది. చూడకుండానే కొట్టొచ్చు. మధ్యలో ఉన్న బటన్‌కి ఆ వరం లేదు. చూడాలి, వేగం తగ్గించాలి, గురిపెట్టాలి. పైగా పక్కన ఇంకో సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది కాస్త జరుగుతుంది కూడా. సెట్టింగుల్లోకి వెళ్లి మళ్లీ ఎడమకు తెచ్చుకోవచ్చన్నది నిజమే. ఎంతమంది వెళ్తారు?

ఈ ప్రశ్నకి పాత జవాబే ఉంది. ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేసిన జాన్ కారల్, మేరీ బెత్ రోసన్ 1987లో ఓ వింతను వర్ణించారు. వాడుకదారులు మాన్యువల్ చదవరు. మెరుగైన పద్ధతి పక్కనే ఉన్నా, వచ్చిన పద్ధతిలోనే తంటాలు పడతారు. కాసేపు కూర్చుని నేర్చుకుంటే ముందుముందు ఎంతో సమయం మిగులుతుందని తెలిసినా నేర్చుకోరు. దీన్ని వాళ్లు మూర్ఖత్వమనలేదు. ఆ మనిషి కూర్చున్నది ఉత్తరం టైపు చేయడానికి, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి కాదు. నేర్చుకునే గంట ఈరోజు పనిలోంచి పోతుంది; మిగిలే గంటలు ఎప్పుడో, కొంచెం కొంచెంగా వస్తాయి.

దీనికి తోడు మనిషికి తన దగ్గరున్నది ఎప్పుడూ ఎక్కువ విలువైనదిగానే కనిపిస్తుంది. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, చేతికి కాఫీ కప్పు ఇచ్చినవాళ్లు దాన్ని అమ్మాలంటే ఏడు డాలర్లు అడిగారు. కప్పు ఇవ్వకుండా, కప్పు కావాలా డబ్బు కావాలా అని అడిగినవాళ్లకి దాని విలువ మూడు డాలర్లే. కప్పు అదే! హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన జాన్ గూర్‌విల్ 2006లో దీన్ని కొత్త సరుకుల మీదికి తెచ్చాడు. వాడేవాడు తన దగ్గరున్నదాని విలువని మూడింతలు చూస్తాడు. తయారుచేసినవాడు తన కొత్తదాని విలువని మూడింతలు చూస్తాడు. ఇద్దరి మధ్య తొమ్మిదింతల దూరం. ఈ తొమ్మిది అనే అంకెని పట్టుకుని వేలాడనక్కర్లేదు, అది ఉజ్జాయింపు. కానీ విస్టా సరిగ్గా ఆ తర్వాతి జనవరిలోనే మార్కెట్లోకి వచ్చిందని తలచుకుంటే నవ్వొస్తుంది.

శుభలేఖల కంప్యూటర్

ఈ మనస్తత్వం అంతా ఒకెత్తు, మన ఊళ్లలోని డీటీపీ షాపులు ఒకెత్తు. జిల్లా కేంద్రంలో బస్టాండు దగ్గరి ఏ చిన్న షాపులోకి వెళ్లినా, ఓ మూల ఎక్స్‌పీ నడిచే సిస్టమ్ ఒకటి ఇటీవలి దాకా కనిపించేది. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. దాని మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్ల ప్యాకేజీ, సీపీయూ వెనక ఆ ప్యాకేజీకి తాళంలా పనిచేసే బొటనవేలంత డాంగిల్. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, సంఘాల రసీదు పుస్తకాలు, అన్నీ దానిలోంచి వచ్చినవే.

ఆ కంప్యూటర్‌ని ఎందుకు మార్చరో తెలియాలంటే ఆ ఫాంట్లు ఎలా పనిచేస్తాయో చూడాలి. పాతకాలపు ఫాంటులో ఉండే గళ్లు 256 మాత్రమే, అందులోనూ అన్నీ వాడుకోవడానికి ఉండవు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిపితే వేలకొద్దీ రూపాలు. కాబట్టి అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఇంకో ముక్క, కొమ్ము మరొకటి, ఒత్తులు వేరే. ఆ ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్లలో కూర్చోబెట్టారు. ఆపరేటర్ ఆపిల్ లేఅవుట్‌లోనో మాడ్యులర్ లేఅవుట్‌లోనో మీటలు కొడుతుంటే, వెనక ఓ చిన్న ప్రోగ్రామ్ ఆ ముక్కల్ని తెచ్చి అతికిస్తుంది. తెర మీద 'శ్రీరస్తు' కనిపిస్తుంది. ఫైలు లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలగలిసిన వరస. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఆ గందరగోళమే బయటపడుతుంది.

ఆ అతికించే ప్రోగ్రామ్, ఆ డాంగిల్ డ్రైవర్, ఆ పేజ్‌మేకర్ మూడూ పాత విండోస్ అలవాట్ల మీద నిలబడ్డవే. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 దగ్గరే ఆగిపోయింది. అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లింది. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల డ్రైవర్లు ఎక్కవు, 16 బిట్ల ప్రోగ్రాములు అసలే నడవవు. షాపు యజమానికి ఈ వివరాలన్నీ తెలియకపోవచ్చు. 'కొత్త విండోస్ కొట్టిస్తే లాక్ పట్టదు' అన్న ఒక్క ముక్క తెలుసు, అది చాలు. కొత్త ప్యాకేజీకి మళ్లీ డబ్బు. పదిహేనేళ్ల ఫైళ్లు తెరుచుకుంటాయో లేదో అనుమానం. పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడితే ఒక్కరోజు షాపు ఆగినా మాట పడాలి. ఇది నష్టభయం అనే మనోవికారం కాదు, శుద్ధమైన వ్యాపారపు లెక్క.

ఇందులో ఓ చిత్రం ఉంది. విండోస్‌లోకి యూనికోడ్ తెలుగుని, 'గౌతమి' అనే ఫాంటుతో సహా, మొదట తెచ్చింది ఎక్స్‌పీయే. ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి అది. ఆ సౌకర్యం ఉన్న ఎక్స్‌పీనే మన అచ్చు లోకం పాతికేళ్ల కిందటి ముక్కల తెలుగుని కాపాడుకునే కోటగా వాడుకుంది.

షాపులోని ఆ సిస్టమ్‌కి నెట్ కనెక్షన్ తీసేస్తే పెద్ద ప్రమాదమేమీ లేదు. కానీ అందులోకి రోజుకి ఎందరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లు దూరుతుంటాయి.

కనబడని రంధ్రాలు

ఇంతవరకు చెప్పిన లెక్క అంతా కంటికి కనబడే ఖర్చుది. కనబడని పద్దు ఇంకొకటుంది.

పెద్ద సాఫ్ట్‌వేర్‌లో రంధ్రాలు ఎప్పుడూ ఉంటాయి. ఎవరో ఒకటి కనిపెడతారు, కంపెనీ పూడుస్తుంది. 2003 నుంచి మైక్రోసాఫ్ట్ ఈ పూడికలను నెలకోసారి, రెండో మంగళవారం విడుదల చేస్తోంది. విడుదలైన మరుక్షణం నుంచి దొంగలూ వాటిని చదువుతారు. పూడ్చక ముందు ఎలా ఉంది, పూడ్చాక ఎలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూస్తే రంధ్రం ఎక్కడుందో తెలిసిపోతుంది. విండోస్ 7కీ ఎక్స్‌పీకీ లోపల చాలా భాగం ఒకటే. కాబట్టి విండోస్ 7కి వచ్చిన పూడికల్లో చాలావి, ఎక్స్‌పీలో ఎప్పటికీ పూడని రంధ్రాలకు దారి చూపే చీటీలయ్యాయి. మద్దతు ఆగిపోయిన సిస్టమ్ రోజులు గడిచేకొద్దీ ఉన్నచోటే ఉండదు. తను మారకపోయినా ప్రమాదం పెరుగుతూ పోతుంది. 'బాగానే నడుస్తోందిగా' అన్న మాటలో లోపం ఇక్కడుంది. నడవడం కనిపిస్తుంది, బలహీనపడడం కనిపించదు.

2017 మే 12న అది కనిపించింది. వానాక్రై అనే పురుగు ఒక్క వారాంతంలో దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోకి పాకి, ఫైళ్లకు తాళాలు వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు అడిగింది. అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ దగ్గర పుట్టి, దొంగలపాలై, ఏప్రిల్‌లో బయటపడ్డ ఓ అస్త్రాన్ని అది వాడుకుంది. ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని రంధ్రమే దాని దారి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దై ఉంటాయన్న అంచనాను అక్కడి ఆడిట్ సంస్థ తన నివేదికలో పేర్కొంది.

అప్పుడందరూ ఎక్స్‌పీని తిట్టారు. అసలు సంగతి కొద్దిరోజులకు కంప్యూటర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ లెక్కల్లో తేలింది: సోకినవాటిలో 98 శాతం విండోస్ 7వి. ఎక్స్‌పీ మీద పడ్డప్పుడు ఆ పురుగు సరిగా అంటుకోక, కంప్యూటరే కూలి నీలి తెర చూపించేది! విండోస్ 7కి అప్పటికి భద్రతా మద్దతు ఇంకా ఉంది. ఆ రంధ్రానికి పూడిక మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే విడుదలైంది, ఉచితంగా. జనం వేసుకోలేదంతే.

నా వాదనకు ఇదే కీలకం. కొత్త సిస్టమ్‌కి మారనివాళ్ల సంగతి ఒకటైతే, ఉన్న సిస్టమ్‌కి మందు కూడా వేసుకోనివాళ్లు మరింత మంది. ఎందుకు వేసుకోలేదు? ఆస్పత్రుల్లో స్కానింగ్ యంత్రాలకు తగిలించిన కంప్యూటర్లను తయారీదారు ఒప్పుకుంటే తప్ప ముట్టుకోకూడదు. కంపెనీల్లో ముందు పరీక్షించాలంటారు. ఇళ్లలో కారణం వేరు: అప్‌డేట్ అంటేనే నమ్మకం పోయింది.

ఆ నమ్మకం ఊరికే పోలేదు. 2015 జులై 29న విండోస్ 10 రావడానికి ముందే, దాన్ని ఉచితంగా ఇస్తామంటూ విండోస్ 7 కంప్యూటర్ల మూలలో ఓ గుర్తు ప్రత్యక్షమైంది. రోజూ అడిగేది. 2016లో ఆ ఆహ్వానం డబ్బాలో పైనున్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కినా, 'సరే' అన్నట్టే లెక్కగట్టి అప్‌గ్రేడ్‌కి ముహూర్తం పెట్టేసింది. విండోస్ 95 నాటి నుంచి ఆ గుర్తుకి 'వద్దు, మూసెయ్యి' అనే ఒకే అర్థం. చేతికి అలవాటైన దాన్నే తిరగేశారు. అడగకుండా వచ్చిపడ్డ విండోస్ 10తో తన కంప్యూటర్ పాడైందని కాలిఫోర్నియాలో ఓ చిన్న వ్యాపారి కోర్టుకెక్కి 10,000 డాలర్లు రాబట్టింది. తర్వాత మైక్రోసాఫ్ట్ అప్పటి మార్కెటింగ్ అధిపతి క్రిస్ కాపొసెలా తామే హద్దు దాటామని ఒప్పుకున్నాడు. ఈలోగా ఎందరో విసిగిపోయి అప్‌డేట్‌లనే పూర్తిగా ఆపేసుకున్నారు. వానాక్రై వచ్చింది ఆ మరుసటి ఏడాదే.

తాళం బాగుచేస్తానని వచ్చిన ఇంటి ఓనరు, పనిలో పనిగా వంటింట్లో పోపుల డబ్బా జాగా మార్చి, గోడలకు వేరే రంగు కొట్టించి పోతే, రెండోసారి తాళం పోయినా ఎవరూ అతనికి చెప్పరు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు చేసింది ఇదే. అవసరమైన మరమ్మతుని, అడగని మార్పుని ఒకే మూటలో కట్టాయి. మూట వద్దన్నవాడు మరమ్మతు కూడా వద్దన్నట్టే అయింది. వాడుకదారు లెక్కలో పొరపాటు ఉందన్నాను, అది ఇక్కడి నుంచే వచ్చింది: కనబడే బాధకి, కనబడని రక్షకి వేర్వేరు ధరలు చూసుకునే వీలు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఆ రెంటినీ విడదీయడం సాధ్యం కాదా? పెద్దవాళ్లకు ఎప్పుడూ సాధ్యమే. ఎక్స్‌పీకి సెలవు ఇచ్చిన 2014లోనే బ్రిటన్ ప్రభుత్వం సుమారు 55 లక్షల పౌండ్లు కట్టి మరో ఏడాదిపాటు పూడికలు కొనుక్కుంది. మరుసటి ఏడాది ఆ ఒప్పందాన్ని కొనసాగించలేదు. అమెరికా నౌకాదళమూ అలాగే కొనుక్కుంది. వానాక్రై వచ్చిన వెంటనే, మూడేళ్ల కిందట వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ పూడిక విడుదల చేసింది. అంటే అది తయారుగానే ఉంది, ఇవ్వలేదు.

విండోస్ 11 దగ్గర చిక్కు మరో మలుపు తిరిగింది. ఇక్కడ మారతానన్నా మారలేనివాళ్లు కోట్లలో ఉన్నారు. 2021 అక్టోబరు 5న వచ్చిన ఈ సిస్టమ్‌కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచే పనికొస్తుంది. ఆ చిప్ రహస్య తాళపు చెవుల్ని దాస్తుంది, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు లోపల ఎవరైనా కెలికారా అని చూస్తుంది, అక్కరకు వచ్చేదే. కానీ ఈ రెండు షరతులవల్ల, 2016లో కొన్న, ఇప్పటికీ పరుగెత్తే కంప్యూటర్ ఒక్కసారిగా అనర్హమైంది. విండోస్ 10 ముగింపుతో ఇలా మిగిలిపోయేవి 24 కోట్ల దాకా ఉంటాయని కెనలిస్ అనే సంస్థ 2023లో అంచనా కట్టింది. వీళ్లను మార్పంటే భయపడేవాళ్లు అని ఎలా అంటాం?

2025 అక్టోబరు 14న విండోస్ 10 గడువు ముగిసింది. ఈసారి మాత్రం మైక్రోసాఫ్ట్ మొదటిసారిగా మామూలు ఇళ్లవాళ్లకి కూడా మూట విప్పింది. ముఖం మారదు, కొత్త హంగులు రావు; 2026 అక్టోబరు 13 దాకా భద్రతా పూడికలు మాత్రం వస్తాయి. సెట్టింగులను కంపెనీ ఖాతాలోకి బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదా వెయ్యి రివార్డు పాయింట్లు, లేదా 30 డాలర్లు. సెట్టింగుల్లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. విండోస్ 11కి అర్హత లేని యంత్రం ఉన్నవాళ్లు ముందుగా చేయాల్సిన పని ఇదే.

ధరల పట్టికను కాస్త దగ్గరగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఇదే పూడికల్ని కంపెనీలకు మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లకు ఇస్తున్నారు, ఏటా రెట్టింపవుతుంది, మూడేళ్ల దాకా. విద్యాసంస్థలకి మొదటి ఏడాది ఒక్క డాలరు. వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబట్టిన యూరప్ ఆర్థిక మండలంలో ఇళ్లవాళ్లకి బ్యాకప్ షరతు కూడా లేకుండా ఉచితం. పూడిక ఒకటే, దాన్ని రాసే ఇంజినీర్లూ వాళ్లే. బడికి 1, బ్యాకప్ వద్దన్న ఇంటికి 30, ఆఫీసుకి 61, పారిస్‌లో ఇంటికి సున్నా అన్నప్పుడు ఆ ధర కట్టింది మరమ్మతు ఖర్చుని చూసి కాదు. ఎవరిని ఎంత గట్టిగా విండోస్ 11 వైపు తోయాలో, ఎవరి నుంచి ఎంత గట్టిగా ఎదురుదెబ్బ వస్తుందో చూసి.